గోళీకాయంత భూమి, ముగ్గుపిండి సూర్యుడు: గ్రహాలను, నక్షత్రాలను ఒకే కొలతతో పోల్చే సమగ్ర మార్గదర్శి

భూమి పక్కన గురుడిని, గురుడి పక్కన సూర్యుడిని, సూర్యుడి పక్కన మరేదో ఎర్రని మహా నక్షత్రాన్ని పెట్టి చూపించే బొమ్మలు మనందరం చూసినవే. వాటితో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒక్కో బొమ్మకూ కొలత మారిపోతుంది. మొదటి బొమ్మలో అరచేయంత ఉన్న గురుడు రెండో బొమ్మలో చుక్క అవుతాడు. కొలత ఎంత మారిందో ఎవరూ చెప్పరు కాబట్టి చూసినవారికి ఆశ్చర్యం మిగులుతుంది గాని లెక్క మిగలదు. అందుకే ఈ మార్గదర్శిలో ఒకే ఒక కొలతను పట్టుకుని, దాన్ని చివరి దాకా వదలకుండా, ఇంట్లో దొరికే వస్తువులతోనే పోలికను కట్టే పద్ధతిని వివరిస్తున్నాను. కొలత మార్చక తప్పని చోటు ఒకటి వస్తుంది. అక్కడ మారుస్తున్నామని చెప్పి మరీ మారుస్తాం.

కావలసినవి: వినాయక చవితికి తెచ్చుకునే లాంటి బంకమట్టి కొంచెం, గుప్పెడు మిరియాలు, గుప్పెడు పెసలు, ఎండు బఠాణీలు, పాత వార్తాపత్రికలు, పురికొస, ఒక మేకు, ముగ్గుపిండి, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, పొడవాటి టేపు. రెండు మీటర్లకు మించి ఖాళీ ఉన్న వాకిలిగాని డాబా గాని ఉంటే చాలు. దూరాలు కూడా చూపించాలనుకుంటే పాఠశాల మైదానం, దాని బయట ఒక తిన్నని బాట కావాలి.

మొదటి మెట్టు: కొలతను నిర్ణయించుకోవడం

వేయి కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. ఇదే మన కొలత. దీన్ని ఎంచుకోవడానికి కారణం సులభమైన లెక్క. కిలోమీటర్లలో ఉన్న వ్యాసాన్ని వేయితో భాగిస్తే మన నమూనా వ్యాసం మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది, అంటే మూడు అంకెలకు ముందు చుక్క పెడితే సరిపోతుంది. భూమి వ్యాసం భూమధ్యరేఖ దగ్గర 12,756 కిలోమీటర్లు, కాబట్టి మన భూమి 12.8 మిల్లీమీటర్లు, అంటే పిల్లలు ఆడుకునే గోళీకాయ కంటే కాస్త చిన్నది.

ఈ మెట్టులోనే మరొకటి తేల్చుకోవాలి. మనం పోలుస్తున్నది వ్యాసాన్నా, ఘనపరిమాణాన్నా, ద్రవ్యరాశినా? "గురుడు భూమి కంటే 11 రెట్లు పెద్దది" అన్న మాటా నిజమే, "1,300 రెట్లు పెద్దది" అన్న మాటా నిజమే, "318 రెట్లు" అన్నదీ నిజమే. మొదటిది వ్యాసం, రెండోది ఘనపరిమాణం, మూడోది ద్రవ్యరాశి. ఏది చెబుతున్నామో చెప్పకుండా రెట్లు మాత్రమే చెప్పడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. మన నమూనా వ్యాసాలను పోలుస్తుంది. మిగిలిన రెండింటి సంగతి ఆరో మెట్టులో చూద్దాం.

రెండో మెట్టు: చిన్న గోళాలు

బుధుడి వ్యాసం 4,879 కిలోమీటర్లు, కాబట్టి 4.9 మిల్లీమీటర్లు. పెద్ద మిరియపు గింజ ఇంచుమించు అంతే ఉంటుంది. చంద్రుడి వ్యాసం 3,475 కిలోమీటర్లు, దానికి ఒక పెసర గింజ సరిపోతుంది. అంగారకుడి వ్యాసం 6,792 కిలోమీటర్లు, అంటే 6.8 మిల్లీమీటర్ల ఎండు బఠాణీ. ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లే, కాబట్టి చంద్రుడి పెసర గింజ కంటే చిన్నదైన ఆవగింజను ఏరుకోవాలి.

గింజలన్నీ ఒకేలా ఉండవు కాబట్టి ఊహతో ఏరకండి. స్కేలు అంచున పది మిరియాలను ఒకదానికొకటి తాకేలా వరుసగా పేర్చి, మొత్తం పొడవును పదితో భాగిస్తే సగటు తెలుస్తుంది. వరుస 49 మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చిందంటే ఆ రాశిలో ఏ గింజైనా బుధుడికి పనికివస్తుంది. ఒక్క గింజను స్కేలు మీద పెట్టి కొలిస్తే అర మిల్లీమీటరు తప్పు తేలికగా వస్తుంది. పదింటిని కలిపి కొలిస్తే ఆ తప్పు పదో వంతుకు పడిపోతుంది. పిల్లలకు ఈ చిన్న పని నేర్పడం గ్రహాల కొలతలు నేర్పడం కంటే తక్కువేమీ కాదని నా నమ్మకం.

భూమిని, శుక్రుడిని బంకమట్టితో చేయండి. మట్టి ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి ఉండను కాస్త పెద్దదిగా చుట్టి, నీడలో ఆరబెట్టి, ఆరాక కొలిచి, ఎక్కువైతే గరుకు కాగితంతో రుద్దాలి. శుక్రుడి వ్యాసం 12,104 కిలోమీటర్లు. అంటే భూమికీ శుక్రుడికీ మన నమూనాలో తేడా 0.7 మిల్లీమీటర్లు కూడా లేదు. చేత్తో అంత సన్నని తేడా తేవడం కష్టం. రెండూ ఒకేలా వస్తే అది తప్పు కాదు, ఆ రెండు గ్రహాలు నిజంగానే అంత దగ్గరి కొలతలవి.

భూమి ఉండ చేతిలో ఉండగానే ఒక విషయం గమనించండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. మన కొలతలో అది ఉపరితలం నుంచి 0.4 మిల్లీమీటర్లు, అంటే దాదాపు గోటి మందం. ఎవరెస్టు శిఖరం ఎత్తు 0.009 మిల్లీమీటర్లు. గరుకు కాగితం ఆ ఉండ మీద వదిలిన గీతలు కూడా హిమాలయాల కంటే లోతైనవే.

మూడో మెట్టు: పెద్ద గ్రహాలు

యురేనస్ వ్యాసం 51,118 కిలోమీటర్లు, నెప్ట్యూన్ వ్యాసం 49,528 కిలోమీటర్లు. రెండింటికీ ఐదు సెంటీమీటర్ల పెద్ద నిమ్మకాయలు చాలు. గుండ్రటి వాటిని ఏరుకుంటే ఇంకా మంచిది.

గురుడికి వార్తాపత్రికలను తడిపి, నలిపి ఉండగా చుట్టి, పైన దారం బిగించాలి. నడుము వద్ద 14.3 సెంటీమీటర్లు రావాలి. కానీ గురుడు పూర్తి గోళం కాదు. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే వాయుగోళం కాబట్టి నడుము ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. ధ్రువం నుంచి ధ్రువానికి 13.4 సెంటీమీటర్లే. తడి కాగితపు ఉండను రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కితే ఆ ఆకారం వచ్చేస్తుంది. శని మరీ ఎక్కువ నొక్కుకున్న గ్రహం. నడుము వద్ద 12 సెంటీమీటర్లు, ధ్రువాల మధ్య 10.9 సెంటీమీటర్లు. ఆ రెండు కొలతల మధ్య తేడా దాదాపు 11,800 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు ఒక భూమి. శని వలయాలకు అట్టను 27 సెంటీమీటర్ల వ్యాసంతో కత్తిరించండి.

గురుడి మీద ఉన్న ఎర్ర మచ్చను కూడా వేయండి. అది కనీసం 190 ఏళ్లుగా తిరుగుతున్న తుఫాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దాని వెడల్పు సుమారు 40,000 కిలోమీటర్లు ఉండేది, ఇప్పుడు 16,000 కిలోమీటర్ల దగ్గరకు తగ్గింది. 16 మిల్లీమీటర్ల మచ్చ వేసి, దాని మీద భూమి ఉండను ఆనించి చూడండి. కుంచించుకుపోయిన తరువాత కూడా ఆ ఒక్క తుఫానులో మన భూమి ఇమిడిపోతుంది.

నాలుగో మెట్టు: ప్రచారంలో ఉన్న ఒక మాటను పరీక్షించడం

భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఖాళీలో మిగిలిన గ్రహాలన్నీ పక్కపక్కనే ఇమిడిపోతాయని ఒక మాట విరివిగా తిరుగుతోంది. మన దగ్గర గోళాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పరీక్షించి చూద్దాం. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. భూమి ఉండను ఒక చోట పెట్టి, 38.4 సెంటీమీటర్ల దూరంలో పెసర గింజను పెట్టండి. (పుస్తకాల్లోని బొమ్మల్లో చంద్రుడిని భూమికి రెండు వేళ్ల దూరంలో చూసి అలవాటు పడినవారికి ఈ దూరమే మొదటి ఆశ్చర్యం.)

ఇప్పుడు ఏడు గ్రహాల సగటు వ్యాసాలను కూడితే 3,80,000 కిలోమీటర్లు వస్తుంది. 3,84,400 కంటే తక్కువే కదా, ఇమిడాయి కదా అనిపిస్తుంది. అయితే ఆ దూరం కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచినది. భూమి వ్యాసార్ధాన్ని, చంద్రుడి వ్యాసార్ధాన్ని తీసివేస్తే మిగిలే ఖాళీ 3,76,300 కిలోమీటర్లు. అంటే సగటు దూరంలో ఉన్నప్పుడు గ్రహాలు ఇమడవు, మన కొలతలో నాలుగు మిల్లీమీటర్లు తక్కువవుతాయి. చంద్రుడు తన కక్ష్యలో అతి దూరపు బిందువుకు, సుమారు 4,05,500 కిలోమీటర్లకు, వెళ్లినప్పుడు మాత్రం సుఖంగా ఇమిడిపోతాయి. నమూనా చేసినవారికి ఇలాంటి మాటను గుడ్డిగా నమ్మవలసిన అవసరమూ లేదు, కొట్టిపారేయవలసిన అవసరమూ లేదు.

ఐదో మెట్టు: సూర్యుడిని గీయడం, సొంతంగా కొలవడం

వాకిలి మధ్యలో మేకు దిగ్గొట్టి, 69.6 సెంటీమీటర్ల పురికొసను దానికి కట్టి, రెండో కొసన ముగ్గుపిండి వదులుతూ చుట్టూ తిరగండి. 1.39 మీటర్ల వ్యాసం ఉన్న వలయం పడుతుంది. అదే సూర్యుడు, 13,92,000 కిలోమీటర్ల వ్యాసం. దాని అంచున భూమి ఉండను పెట్టి, పక్కకు జరిగి నిలబడి చూడండి. నేను పిల్లలతో ఈ పని చేసినప్పుడల్లా ఈ చోట మాటలు ఆగిపోతాయి. ఒక కొస నుంచి మరో కొసకు అలాంటి ఉండలను వరుసగా పేరిస్తే 109 పడతాయి.

ఈ 109 అనే అంకెను పుస్తకం నుంచి తీసుకోకుండా మనమే రాబట్టవచ్చు. పాకల్లోను, పెంకుటిళ్లలోను మధ్యాహ్నం పూట కప్పు సందుల్లోంచి నేల మీద పడే గుండ్రని వెలుగు మచ్చలు గుర్తున్నాయా? సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే పడుతుంది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబం. ఉదయం ఎండ నేరుగా పడే కిటికీకి అట్ట అడ్డం పెట్టి, దానికి ఒక మిల్లీమీటరు రంధ్రం చేయండి. రంధ్రం నుంచి సరిగ్గా రెండు మీటర్ల దూరంలో, వెలుగుకు లంబంగా తెల్ల కాగితాన్ని పట్టుకోండి. కాగితం వాలితే మచ్చ కోడిగుడ్డులా సాగుతుంది. మచ్చ వ్యాసాన్ని కొలిచి, రంధ్రం వల్ల పెరిగిన ఒక మిల్లీమీటరును తీసివేస్తే 18.6 మిల్లీమీటర్లకు దగ్గరగా రావాలి. సూర్యుడి వంక నేరుగా గాని, రంధ్రంలోంచి గాని ఎప్పుడూ చూడకూడదు, చూడవలసింది కాగితం వైపే.

ఇప్పుడు 18.6ను 2,000 మిల్లీమీటర్లతో భాగించి, సూర్యుడి దూరమైన 14.96 కోట్ల కిలోమీటర్లతో గుణించండి. 13.9 లక్షల కిలోమీటర్లు వస్తుంది. దాన్ని భూమి వ్యాసంతో భాగిస్తే 109. మచ్చను కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఫలితంలో ఐదు శాతం తేడా వస్తుంది, కాబట్టి నాలుగైదు సార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఈ లెక్కలోని సూత్రం ఒకటే: కనిపించే కోణం, దూరం రెండూ తెలిస్తేనే అసలు పరిమాణం తెలుస్తుంది. దూరం తప్పితే పరిమాణమూ తప్పుతుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం దీనికి చక్కని సాక్ష్యం. ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలని, చంద్రుడిది 315 అని, సూర్యుడిది 4,410 అని చెప్పాడు. చంద్రుడు భూమిలో 0.30 వంతు అన్నమాట. ఈనాటి విలువ 0.27. ఇంత దగ్గరగా చెప్పినవాడు సూర్యుడిని భూమికి 4.2 రెట్లుగానే ఎందుకు చెప్పాడు? గ్రహాలన్నీ రోజుకు సమానమైన యోజనాలు నడుస్తాయన్న ఊహ వల్ల సూర్యుడి దూరం చంద్రుడి దూరానికి సుమారు 13 రెట్లే వచ్చింది. నిజానికి అది సుమారు 390 రెట్లు. కోణం సరిగానే కొలిచారు, దూరం దగ్గర లెక్క జారింది.

2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగడం చూసినవారు కూడా ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఆనాడు శుక్రుడు సూర్యుడిలో సుమారు 32వ వంతుగా కనిపించాడు, అసలు నిష్పత్తి 115వ వంతు. మనకు దగ్గరగా ఉండటం వల్ల పెద్దగా కనిపించాడు.

ఆరో మెట్టు: ఎన్ని పడతాయి, ఎంత బరువు

వ్యాసం 109 రెట్లయితే ఘనపరిమాణం 109ని మూడుసార్లు గుణించినంత, అంటే సుమారు 13 లక్షల రెట్లు. "సూర్యుడిలో 13 లక్షల భూములు పడతాయి" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఆ మాట నిజం కావాలంటే భూములను కరిగించి పోయాలి. ఉండలుగానే వేస్తే మధ్యలో సందులు మిగులుతాయి. ఒక గిన్నె నిండా గోళీలు పోసి, అంచుకు వచ్చేదాకా నీళ్లు కొలిచి పోసి చూడండి. గిన్నెలో మూడో వంతుకు పైగా నీళ్లు పడతాయి. గోళాలను ఎంత పొందికగా పేర్చినా 74 శాతానికి మించి చోటు నిండదు. కాబట్టి గుండ్రని భూములైతే సూర్యుడిలో 9.6 లక్షలకు మించి పట్టవు, ఊరికే కుమ్మరిస్తే ఎనిమిది లక్షల పైచిలుకు.

ద్రవ్యరాశి మరో కథ. శనిలో 764 భూముల చోటు ఉంది, కానీ దాని ద్రవ్యరాశి 95 భూములంతే. దాని సాంద్రత నీటి కంటే తక్కువ. నెప్ట్యూన్ యురేనస్ కంటే చిన్నది, అయినా బరువైనది: యురేనస్ 14.5 భూములు, నెప్ట్యూన్ 17. కాబట్టి ప్రతి గోళం కింద పెట్టే చీటీ మీద వ్యాసంతో పాటు ద్రవ్యరాశిని కూడా విడిగా రాయండి.

ఏడో మెట్టు: దూరాలు

అదే కొలతలో బుధుడు సూర్యుడి నుంచి 58 మీటర్లు, శుక్రుడు 108, భూమి 150, అంగారకుడు 228, గురుడు 778 మీటర్లు. శని 1.43 కిలోమీటర్లు, యురేనస్ 2.87, నెప్ట్యూన్ 4.5 కిలోమీటర్లు. ముగ్గుపిండి సూర్యుడి దగ్గర ఒకరిని నిలబెట్టి, భూమి ఉండను పట్టుకుని 150 మీటర్లు నడిచి వెనక్కి తిరిగి చూడండి. ఆ వలయం ఆకాశంలో సూర్యుడు కనిపించినంతే కనిపిస్తుంది. ఒకే కొలత పట్టుకున్నందుకు దక్కే ప్రతిఫలం ఇది.

సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మన కొలతలో అది సుమారు 40,000 కిలోమీటర్లు, అంటే నిజమైన భూమి చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ. దాన్ని చూపించే మైదానం ఈ లోకంలో లేదు. దాని వ్యాసం మాత్రం 21 సెంటీమీటర్లే, ఒక ఫుట్‌బాల్ అంత. నక్షత్రాలన్నీ సూర్యుడి కంటే పెద్దవన్న అపోహ ఇక్కడితో తొలగిపోవాలి. నిజానికి మన చుట్టుపక్కల నక్షత్రాల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఎర్ర నక్షత్రాలే.

ఎనిమిదో మెట్టు: కార్తెల నక్షత్రాలు

తెలుగు రైతులు కార్తెలుగా చెప్పుకునే నక్షత్రాల్లో కొన్ని ఆకాశంలో అతి పెద్ద గోళాలు. స్వాతి సూర్యుడికి సుమారు 25 రెట్లు, కాబట్టి మన కొలతలో 35 మీటర్లు. రోహిణి సుమారు 45 రెట్లు, 62 మీటర్లు. జ్యేష్ఠ, ఆరుద్ర రెండూ 700 రెట్లకు అటూ ఇటూ, అంటే ఒక కిలోమీటరుకు దగ్గరగా. విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు. బ్యారేజీలో అయిదింట నాలుగు వంతులు ఆక్రమించే గోళాన్ని ఊహించుకుని, దాని పక్కన మన 12.8 మిల్లీమీటర్ల మట్టి ఉండను పెట్టండి. సూర్యుడి స్థానంలో ఆరుద్రను ఉంచితే బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు అందరూ దాని లోపలే ఉంటారు.

ఇంత పెద్దవని ఎలా తెలిసింది? కుంపటిలో నిప్పు రంగును బట్టి వేడి చెప్పినట్టే, నక్షత్రం రంగును బట్టి దాని ఉపరితల ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఆరుద్ర ఎరుపు, సూర్యుడి కంటే చల్లనిది. చల్లని ఉపరితలం చదరపు మీటరుకు తక్కువ వెలుగునిస్తుంది. అయినా అంత దూరం నుంచి అంత ప్రకాశంగా కనిపిస్తున్నదంటే ఆ ఉపరితలం చాలా విశాలమైనది అయి ఉండాలి. 1920 డిసెంబరులో మైకెల్‌సన్, పీస్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో, వంద అంగుళాల దూరదర్శినికి 20 అడుగుల దూలాన్ని అమర్చి, ఆరుద్ర కోణీయ వ్యాసాన్ని నేరుగా కొలిచారు. సూర్యుడు కాని నక్షత్రాన్ని కొలవడం అదే మొదటిసారి. వచ్చిన విలువ 0.047 ఆర్క్ సెకన్లు (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). మన మట్టి ఉండను 56 కిలోమీటర్ల దూరంలో పెడితే ఎంత కనిపిస్తుందో అంత.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది సిరియస్ అనే జంట నక్షత్రం. పెద్దది సూర్యుడికి 1.7 రెట్లు, మన కొలతలో 2.4 మీటర్ల వలయం. దాని తోడు నక్షత్రం తెల్లగా, మహా వేడిగా ఉండి కూడా మసకగా కనిపిస్తుంది, అంటే ఉపరితలం చాలా చిన్నది. దాని వ్యాసం భూమి కంటే కాస్త తక్కువ, ద్రవ్యరాశి మాత్రం దాదాపు సూర్యుడంత. మనం చేసిన శుక్రుడి ఉండే దానికీ నమూనాగా పనికివస్తుంది.

పెద్ద ఎర్ర నక్షత్రాల అంకెలను చీటీల మీద రాసేటప్పుడు "సుమారు" అన్న మాటను వదలకండి. వాటికి గట్టి అంచు ఉండదు, పొగమంచులా పలచబడుతూ పోతాయి. పైగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి, దూరాలు కూడా కచ్చితంగా తేలవు. అతి పెద్ద నక్షత్రమని పేరుపడ్డ యూవై స్కూటీ సూర్యుడికి 1,700 రెట్లని చాలా చోట్ల రాసి ఉంటుంది. దూరాన్ని సవరించాక వచ్చిన ఇటీవలి లెక్కలో అది దాదాపు సగానికి తగ్గింది.

తొమ్మిదో మెట్టు: రెండో కొలత

ఒక కిలోమీటరు గోళాన్ని ఇంట్లో చూపించలేం కాబట్టి ఇక్కడ మాత్రం కొలత మార్చాలి. కొత్త చీటీ మీద "ఇక నుంచి సూర్యుడు రెండు మిల్లీమీటర్ల ఆవగింజ" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. దీనితో స్వాతి ఐదు సెంటీమీటర్ల నిమ్మకాయ అవుతుంది, రోహిణి తొమ్మిది సెంటీమీటర్ల బత్తాయి అవుతుంది. ఆరుద్రకు 70 సెంటీమీటర్ల పురికొసతో గీసిన 1.4 మీటర్ల వలయం కావాలి. ఇందాక సూర్యుడి కోసం గీసిన ముగ్గు దాదాపు సరిగ్గా అంతే ఉంటుంది కాబట్టి దాన్ని చెరపనక్కరలేదు, పేరు మారిస్తే చాలు. దాని అంచున ఆవగింజను పెట్టండి. ఈ కొలతలో భూమి 0.018 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని చేయడానికి ప్రయత్నించకండి, ఆవగింజ పక్కన ఖాళీ చీటీ పెట్టి "భూమి, కంటికి కనిపించదు" అని రాయండి.

చివరిగా, ఈ నక్షత్రాలను ఆకాశంలో వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కార్తె నడుస్తున్నప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం దిక్కునే ఉంటాడు, కాబట్టి జూన్ చివరి ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనిపించదు. సంక్రాంతి రోజుల్లో చీకటి పడ్డాక తూర్పు వైపు చూడండి. ఓరియన్ మండలం భుజం మీద నారింజ ఎరుపు చుక్కగా ఆరుద్ర, దానికి పైన రోహిణి కనిపిస్తాయి. స్వాతి కోసం మే నెల రాత్రులు, జ్యేష్ఠ కోసం జూన్, జులై నెలల్లో దక్షిణపు ఆకాశం అనువుగా ఉంటాయి.